పట్నం ఎక్కడ అయిపోతది?

పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలకు మా మేనమామ ఇంటికి బయల్దేరుతూ ఆస్పత్రి మెట్టు మీద కూర్చొని చెప్పులు తొడుక్కున్నాడు. చాలా రోజుల తర్వాత తొడుక్కోవడం కాబట్టి ఎడమది కుడి కాలికి పెట్టుకున్నాడు. అత్తమ్మ వంగి సరిచేయబోతే, "ఉండనియ్యవే, ఈ పట్నంల నా కాళ్ళు ఎవలు జూస్తరు?" అన్నాడు. గోడ గడియారం ఎదురుగానే ఉంది కాబట్టి ఆ సమయం నాకు గుర్తుండిపోయింది. ఆ తర్వాత జరిగిందంతా సమయం చూసుకునే తీరిక లేకుండా జరిగింది.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల నడుమ, మా తాండూరులో పట్నం అంటే హైదరాబాదే. వేరే పేరు చెప్పనక్కర్లేదు. దాన్ని చూసివచ్చిన ప్రతివాడూ తనదైన పట్నం ఒకటి మోసుకొచ్చి మా వీధిలో దించేవాడు. ఆడ రాత్రి అనేదే ఉండదని ఒకరు. ఆడ పొద్దే పొడవదు, అన్ని గోడలే అని ఇంకొకరు. మా పక్కింటాయన పెళ్ళికి పోయి రెండు రోజులున్నాడు. ఒక్క మనిషి కూడా "ఏ ఊరు మీది?" అని అడగలేదని ఏడాది పొడుగునా బాధపడ్డాడు. ఆయన తమ్ముడికి అదే మాట స్వర్గంలా వినిపించి, ఎవరూ ఏమీ అడగని ఆ ఊరికే పోయి స్థిరపడ్డాడు. ఈ మాటలన్నీ కలిపినా ఒక ఊరు తయారయ్యేది కాదు. నేను మాత్రం వీళ్ళందరినీ విని లోలోపల నవ్వుకునేవాణ్ని. డిగ్రీ రెండో ఏడు తప్పి ఇంట్లో కూర్చున్నవాణ్ని కదా, నవ్వడానికి కావలసినంత తీరిక ఉండేది. లండను గురించీ కలకత్తా గురించీ పుస్తకాల్లో చదివినవాడికి హైదరాబాదు ఒక లెక్కా అనుకునేవాణ్ని. (ఏదో పరీక్ష రాయడానికి ఒకే ఒక్కసారి పట్నం పోయాను. స్టేషను నుంచి పరీక్ష హాలుకు నడిచాను, హాలు నుంచి స్టేషనుకు నడిచాను. ఆ మాత్రానికే నాకు పట్నం కొట్టినపిండి అని మా ఇంట్లో పేరు పడింది. నేనూ కాదనలేదు.)

అందుకే మామకు తోడుగా నన్ను పంపారు. మామ నాపరాళ్ళ గనిలో రాయి చీల్చే పని చేసేవాడు. వీధిలో అందరికీ బండల మామ. దగ్గు పట్టుకుంటే మొదట వికారాబాదు తీసుకుపోయారు. అక్కడి గుట్ట మీది గాలి ఊపిరితిత్తులకు మంచిదని పట్నం వాళ్ళు దర్జాగా వచ్చి ఉండేవారు. ఆ గుట్ట మీది డాక్టర్లు మామను పరీక్ష చేసి, ఇది మేము చూసే జబ్బు కాదు, పట్నం పెద్దాస్పత్రికి పొమ్మన్నారు. ఊపిరి ఆడని పట్నం వాళ్ళు గాలి కోసం మా గుట్టకు వస్తుంటే, ఊపిరి ఆడని మేము మందు కోసం పట్నానికి పోయాం.

ఆస్పత్రిలో మామ మంచం వరండా చివర ఉండేది. అక్కడినుంచి ఊరి మేడల వెనక వైపు కనబడేది. గోడల మీద పాకిన మురుగు గొట్టాలు, ఆరేసిన లుంగీలు, కిటికీలోంచి చెత్త విసిరే చేతులు. మా ఊరి నుంచి పలకరించడానికి వచ్చినవాళ్ళు చార్మినార్ గురించో, ఆబిడ్స్ దుకాణాల అద్దాల గురించో చెప్పబోతే మామ చెయ్యి అడ్డం పెట్టేవాడు. "మీరంత ముంగట జూసొచ్చిండ్రు. నేను ఎనక జూస్తున్న. ముంగట అద్దాలు పెట్టినోడు ఎనక సున్నం గూడ ఎయ్యలే." అత్తమ్మ పట్నం ఇంకొకటి. ఆమె పొద్దున్నే పాల కోసం బయటికి పోయేది. కాలిబాట మీద వరసగా నిద్రపోయే కూలీలను దాటుకుంటూ వచ్చేది. ఒకరోజు పాలచెంబు కింద పెట్టి, "ఏమయ్యా, ఆ బాట నిండ మన తాండూరు బండలే" అంది. మామ కళ్ళలో ఒక మెరుపు వచ్చింది. "నీలం బండలా? ఎట్లున్నయే?" అన్నాడు. "మంచిగనే ఉన్నయి. వాటి మీద మనసొంటోళ్ళే పండుకున్నరు" అంది అత్తమ్మ. మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా ఒడిలో లావుపాటి పుస్తకం ఉంది. నర్సులకు పేరు కనబడేలా పట్టుకునేవాణ్ని. ఆ రోజు దాన్ని చదవబుద్ధి కాలేదు.

ఇక మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మాది అసలు బొంరాస్‌పేట దగ్గరి పల్లె. జబ్బుపడిన మనిషిని వేరే ఊరికి తీసుకుపోయి వైద్యం చేయిస్తే, తిరిగి వచ్చేటప్పుడు ఆ ఊరి పొలిమేర దాటగానే ఆగాలి. రోగిని కిందికి దింపి, కొబ్బరికాయ తల చుట్టూ తిప్పి, అక్కడ కొట్టి, ఒక చెక్క ఆ ఊరివైపు విసిరేయాలి. అప్పుడు జబ్బు ఆ ఊర్లోనే ఉండిపోతుంది. కొట్టిన తర్వాత ఇల్లు చేరేదాకా వెనక్కి చూడకూడదు. ఆస్పత్రి గడప దాటిన దగ్గర్నుంచి కాయ కొట్టేదాకా రోగి నోట్లో మెతుకు గానీ నీళ్ళు గానీ పడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పొలిమేర లోపల కొట్టకూడదు. లోపల కొడితే జబ్బూ మనిషీ ఒకే ఊర్లో ఉన్నట్టు, అది లేచి వచ్చి మళ్ళీ బండెక్కుతుంది. అత్తమ్మ బిడ్డకు చిన్నప్పుడు విషజ్వరం వస్తే వికారాబాదులో నయం చేయించారు. రైల్వే గేటు దాటి, ఆఖరి ఇల్లు దాటి, చేను మొదలైన చోట కాయ కొట్టారు. ఎంతోసేపు పట్టలేదు. ఆ పిల్ల ఆ తర్వాత ఒక్కనాడూ మంచం పట్టలేదు. కాబట్టి మా ఇంట్లో ఈ పద్ధతి మీద వాదన లేదు.

పట్నం డాక్టరుగారు కూడా ఒక పద్ధతి చెప్పారు. పొద్దున ఏదో ఒకటి తినాలి, తిన్న వెంటనే ఈ బిళ్ళలు వేసుకోవాలి, ఆలస్యం కాకూడదు, మనిషిలో సత్తువ లేదు. అత్తమ్మ రెండు చేతులూ జోడించి సరే అంది. ఆమె లెక్క ఆమెకుంది. రొట్టెలు మూటలో ఉన్నాయి. ఊరు దాటడం ఎంతసేపు? కాయ కొట్టి, రొట్టె తినిపించి, బిళ్ళ వేస్తే దేవుడి మాటా డాక్టరు మాటా రెండూ దక్కుతాయి.

రైలుకు పోతే పొలిమేర దగ్గర ఆపరని (గార్డు ఆపితే ఎక్కడ కొట్టేదో అప్పటికే ఆలోచించి ఉంటుంది) లారీలో పోదామని ఆమే నిర్ణయించింది. మామ స్నేహితుడొకాయన తాండూరు నుంచి పట్నానికి బండలు తోలేవాడు. చిన్నాన్న వరసలో నేను లారీ చిచ్చా అనేవాణ్ని. సరుకు దించి ఖాళీగా పోతూ మెహిదీపట్నం దగ్గర మా కోసం ఆగాడు. మామ కిటికీ పక్కన, ఆయన పక్కన అత్తమ్మ, ఆమె ఒడిలో కొబ్బరికాయ, ఆ తర్వాత నేను, స్టీరింగు దగ్గర చిచ్చా. లారీ కదిలిందో లేదో, "భయ్యా, పట్నం అయిపోయినంక జర ఆపు" అంది అత్తమ్మ.

"గట్లనే చెల్లె. గిప్పుడే అయిపోతది" అన్నాడు చిచ్చా. పాపం, ఆయన నిజంగానే అలా అనుకున్నాడు.

లంగర్ హౌజు దాటాక ఇళ్ళు పలచబడ్డాయి. చిచ్చా లారీని పక్కకు తీశాడు. "దిగుండ్రి. లారీవోనికి పట్నం గీడికే ఖతం. గీడికెల్లి అవతల పోలీసోడు చెయ్యి చాపడు." మేం దిగాం. మామకు దిగడానికే ఆయాసం వచ్చింది. అత్తమ్మ కాయ చేతిలోకి తీసుకుంది. అప్పుడు కనబడింది ఆమెకు, పొడుగు చీపురుతో రోడ్డు ఊడుస్తున్న ఒక ఆడమనిషి.

"అక్కా, నువ్వు ఏ ఊరిదానివి?"

"గీ ఊరే."

"గిదే ఊరు?"

"పట్నం గాదా! మున్సిపాల్టీ చీపురు కనిపిస్తలేదా?" అంది ఆమె, ఆ చీపురును మంత్రదండంలా ఎత్తి చూపించి.

అత్తమ్మ కాయను మళ్ళీ కొంగులో పెట్టుకుంది. "ఎక్కుండ్రి. పట్నపోళ్ళ చీపురు తిరుగుతున్నదంటే గిది పట్నమే."

"చీపురు తిరిగితె ఏమైతదే?" అన్నాడు మామ.

"నీ రోగం పారేసినంక ఊడిసి మళ్ళ నీ మీదనే ఏస్తది."

ఏటి వంతెన వచ్చింది. అత్తమ్మ ముఖం విప్పారింది. ఏరు కంటే మంచి పొలిమేర ఏముంటుంది? వంతెన దాటి ఆగాం. కుడివైపు తుమ్మ చెట్లు, ఎడమవైపు వరి మడి. నేను పెద్దమనిషిలా ముందు దిగి, "అత్తమ్మా, చరిత్రలో నగరాలన్నిటికీ నదులే సరిహద్దు" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే ఎదురుగా, పట్నంలో ఉండాల్సిన ఎర్రబస్సు ఒకటి నంబరు పెట్టుకొని, మనుషుల్ని కిటికీల దాకా నింపుకొని దుమ్ము లేపుతూ వచ్చింది. అది వెళ్ళి వంతెన ఎక్కేదాకా అత్తమ్మ చూసింది.

"అది సిటీబస్సు గాదారా అల్లుడా?"

"ఔను."

"సిటీబస్సు ఊరి లోపల తిరుగుతదా, బయట తిరుగుతదా?"

నాకు చదువు అబ్బింది గానీ అబద్ధం వెంటనే అబ్బేది కాదు. లోపలే అన్నాను. మామ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరవలేదు. "నిన్ను డిగ్రీల తప్పించిన సారు ఎవలోగాని మంచోడు" అన్నాడు.

మళ్ళీ ఎక్కాం. ఎండ ముదిరింది. బండలు మోసి మోసి లారీ లోపలంతా రాతిపొడి ఉండేది. ఏ గుంటలో పడ్డా అది లేచేది. మామ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గేవాడు. చిచ్చా మూడుసార్లు నీళ్ళ సీసా చాపి, మూడుసార్లు అత్తమ్మ కళ్ళు చూసి వెనక్కి తీసుకున్నాడు. "చెల్లె, జర రెహమ్ చెయ్యి. ఒక్క గుటక. మీ దేవుడు గూడ మా అల్లా లెక్కనే మంచోడు, ఏమనడు" అన్నాడు. "దేవునితోని పంచాయితీ లేదు భయ్యా. రోగంతోనే. అది మనసొంటిది గాదు, మాట ఇనదు" అంది ఆమె. ఆమె కూడా ముందురోజు నుంచి ఏమీ తినలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

చాలాదూరం పొలాలే. ఒక్క ఇల్లు లేదు. చీపురు లేదు. బస్సు లేదు. రోడ్డు పక్కన ఒక గొల్లాయన గొర్రెల్ని మేపుతున్నాడు. ఇంతకంటే పల్లె ఎక్కడుంటుంది? చిచ్చా అడక్కుండానే బ్రేకు వేశాడు. మామ ఈసారి దిగలేదు, తలుపు తెరిచి కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చున్నాడు. అత్తమ్మ గొల్లాయన దగ్గరికి పోయింది. మేం ముగ్గురం ఆమె ఏమీ అడక్కుండా ఉంటే బాగుండునని ఎవరి దేవుణ్ని వాళ్ళం మొక్కుకున్నాం.

"తాతా, గీ జాగ పట్నంలకొస్తదా?"

"పట్నమేంది, పిచ్చా? గిది చేను."

అత్తమ్మ నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదొక్కసారే. కానీ ఏదీ సగంలో వదిలే మనిషి కాదు ఆమె. "ఎవలిది చేను? నీదేనా?"

"నాదెక్కడిది బిడ్డా! మొన్నటిదాక మాదే. పట్నం సేటు కొన్నడు. ఏమెయ్యడట, ఉంచుకుంటడట. నేను మేపుకుంటున్న, ఆయన వొద్దనేదాక."

ఆమె అక్కడే నిలబడింది. గొర్రెలు ఆమె కాళ్ళ పక్కనుంచి పోయాయి. తర్వాత వచ్చి లారీ ఎక్కింది. "పోనియ్యి భయ్యా. గిది గూడ పట్నమే."

"అత్తమ్మా, ఇది పొలం" అన్నాను నేను. నా గొంతు పెరిగింది. "గొర్రెలు మేస్తున్నాయి. కళ్ళకు కనబడుతున్నది నమ్మవా?"

"కండ్లకు కనవడేది గొర్లు రా. భూమి ఎవలిది? పట్నపోనిది. పట్నపోడు ఉంచుకున్న భూమిల కాయ గొట్టి, రోగాన్ని ఆయనకే అప్పజెప్పి, ఆయన భూమి మీదికెల్లే నడిచిపోతె అయిపాయెనా?"

చిచ్చా స్టీరింగు మీద తల ఆనించాడు. "యా అల్లా. గీ లెక్కన పట్నం బంబయి దాక ఉంటది."

నేనప్పుడు మూఢత్వం గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. బాగానే ఇచ్చాను, మధ్యలో ఇద్దరు ముగ్గురు తత్వవేత్తలు కూడా వచ్చారు. లారీ చప్పుడులో ఎవరూ వినలేదు. నగరం అంటే ఏమిటని ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఊడ్చే చీపురు ఎంతవరకో, తిరిగే బస్సు ఎంతవరకో, కొనిపెట్టుకునే చెయ్యి ఎంతవరకో, నగరం అంతవరకు అని వాటిలో కొన్ని చెప్పాయి. ఇంకొంచెం పెద్ద మాటల్లో చెప్పాయి, అంతే.

ఇంకొంత దూరం పోయాక మామే చిచ్చా భుజం తట్టాడు. "ఆపు."

"గీడనా? గీడేముంది?"

"ఏం లేదు. అందుకే ఆపు."

నిజంగానే అక్కడేమీ లేదు. చెట్టు కూడా లేదు. మామ తలుపు పట్టుకొని తనే దిగాడు. రోడ్డు అంచున కిలోమీటరు రాయి ఒకటి ఉంది. దాని దగ్గరికి నడిచి, చెయ్యి ఆనించి నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. అత్తమ్మ వెనకే దిగి, "అల్లుడా, రాయి మీద ఏం రాసున్నది?" అంది. చదువుకున్నవాణ్ని కదా, చదివేశాను. "హైదరాబాదు..." అంకె చదవకముందే ఆమె కాయను కొంగులో దాచేసింది. "పట్నం పేరున్న రాయి పట్నంది గాదా? ఇంకా ముంగటికి."

మామ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి పోయి, దగ్గు ఆగాక కళ్ళు తుడుచుకొని అన్నాడు. "ఒసేయ్, తాండూరుల మన గని కాడి రాయి మీద గూడ హైదరాబాదనే ఉంటది. రోజు దాని మీద కూసొనే నేను చుట్ట తాగేది. అంటె మనిల్లు పట్నమే, గని పట్నమే. నేను పుట్టిన కాడికెల్లి పట్నంలనే ఉన్ననా? అయితె నన్ను గీ దవాఖానకు ఎందుకు తోల్కొచ్చినవే, ఇంట్ల పండుకుంటె అయిపోవు గదా!"

అత్తమ్మ ఆ రాయివైపు మళ్ళీ తిరిగి చూసింది. ఆ ఒక్క క్షణం చాలు మామకు. ఆమె కొంగులోంచి కాయ లాక్కున్నాడు. "రాళ్ళ పని జేసెటోణ్ని నేను. హద్దు ఏడ ఉన్నదో నాకు తెల్వదా? గిదే హద్దు. నాకు ఆకలైతున్నది."

తన తల చుట్టూ తనే తిప్పుకున్నాడు. (అది కూడా పద్ధతి కాదు, ఇంటి ఆడమనిషి తిప్పాలి.) ఆ రాయి మీదే కాయను కొట్టాడు. పగల్లేదు. నిలువెత్తు బండను సుత్తి దెబ్బలతో అట్టముక్కల్లా విడదీసిన చెయ్యి అది. మళ్ళీ కొట్టాడు. కాయ చేతిలోంచి జారి, రోడ్డు మీద పడి, ఏ వాలు ఉందో ఏమో, మెల్లగా పట్నంవైపు దొర్లడం మొదలుపెట్టింది. చిచ్చా దాని వెంట పరిగెత్తాడు. ఆ వయసులో ఆ పొట్టతో ఆయన పరిగెత్తడం చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మామ కూడా నవ్వాడు. కానీ తన అరచేతిని చూసుకుంటూ నవ్వాడు.

చిచ్చా కాయ తెచ్చి మామ చేతిలో పెట్టలేదు. అత్తమ్మ చేతిలో పెట్టాడు. ఆమె ఒక్క దెబ్బకు పగలగొట్టింది. ఒక చెక్కను పట్నంవైపు ఎంత బలంగా విసిరిందంటే, అది ఆ ఊరి నడిబొడ్డున పడిందేమో అనిపించింది. మామను రెక్క పట్టుకొని లారీ ఎక్కించి, "ఎనకకు జూడకు" అంది.

అప్పుడొచ్చింది అద్దం గొడవ. మామ కూర్చున్న వైపు లారీకి వెనక దారి చూపించే అద్దం ఉంది. లారీ కదలగానే అందులో రోడ్డూ రాయీ చెక్కా అన్నీ కనబడ్డాయి. "అద్దంల జూస్తె ఎనకకు జూసినట్టు గాదే, నేను ముంగటికే జూస్తున్న" అన్నాడు మామ. "రోగానికి గంత తెలివి ఉంటదా? నీ కండ్లు దానికి కనవడుతయి, అంతే" అని అత్తమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి అద్దానికి తువ్వాలు కట్టేసింది.

"చెల్లె, నువ్వు మంచిదానివే గాని," అన్నాడు చిచ్చా, "అద్దం మూస్తె ఎనక లారీ వొచ్చేది నాకు కనవడదు. అప్పుడు మీ ఆయన రోగం ఫికర్ గూడ ఉండదు, నలుగురం కలిసే పోతం." చాలాసేపు బేరమాడాక తువ్వాలు అద్దం మీదినుంచి మామ తల మీదికి వచ్చింది. కొత్త పెళ్ళికూతురిలా ముసుగు వేసుకొని మామ మొయినాబాదులో జొన్నరొట్టె తిన్నాడు. పల్లీల పొడి అడిగి మరీ వేయించుకున్నాడు. బిళ్ళలు వేసుకున్నాడు. డాక్టరు చెప్పిన వేళ ఎప్పుడో దాటిపోయింది. చేవెళ్ళ వచ్చేసరికి ఆ ముసుగులోనే నిద్రపోయాడు. అత్తమ్మ మాత్రం దారిపొడుగునా బయటికి చూస్తూ కూర్చుంది. చేవెళ్ళ దాటాక ఎవరితోనూ కాకుండా అంది. "గీడైతె మంచిగుండు. గీడ పట్నం వాసన లేదు."

ఆ ఏడాది మామ బాగానే ఉన్నాడు. గనికి పోలేదు గానీ వీధిలో కూర్చొని పట్నం గురించి చెప్పేవాడు. అందరి పట్నాల కంటే ఆయన పట్నం పెద్దది. దానికి కొస లేదు. "పోతుంటె పోతుంటె వొస్తనే ఉంటది. చివరకు నేనే దయదలిచి ఖతం జేసొచ్చిన" అనేవాడు. జనం పడి పడి నవ్వేవాళ్ళు. అత్తమ్మ లోపలినుంచి, "ఓపిక లేని మనిషి" అనేది.

తర్వాతి ఎండాకాలంలో దగ్గు తిరిగి వచ్చింది. పట్నం పోదామని అందరం చెప్పాం. లారీ చిచ్చా బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. మామ మంచం దిగలేదు. "పోవుడు అల్కటి పనే. మళ్ళ ఆ ఊరు దాటి రావాలె గదా? నాతోని గాదు" అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకున్నాం. అత్తమ్మ ఒక్కతే ఆ మాటకు ముఖం తిప్పుకుంది. రెండోసారి అడిగాం, మూడోసారి అడిగాం. ఆయన అదే మాట అన్నాడు. వానలు మొదలవకముందే పోయాడు.

మా వైపు ఆడవాళ్ళు చనిపోయిన మనిషి మీద పడి మాటలు అల్లుకుంటూ ఏడుస్తారు. ఆ మనిషి మంచితనం, పెట్టిన అన్నం, కొన్న చీర అన్నీ అందులో వస్తాయి. అత్తమ్మ అవేవీ చెప్పలేదు. మామ ముఖం రెండు చేతుల్లో పట్టుకొని కొట్లాడింది. "చేవెళ్ళ దాక ఆగరాదా ఓ నా రాజా, ఇంకింత ఓర్వరాదా... ఉత్త రాయిని జూసి హద్దంటివి గదా ఓ నా రాజా... గింత రొట్టెముక్క కోసం నన్ను గిట్ల జేస్తివి గదా..." పలకరించడానికి వచ్చిన మర్పల్లి చుట్టాలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చేవెళ్ళలో ఆయనకేం పని ఉండెనని ఒకామె నన్నే అడిగింది. నాకు నవ్వు వచ్చింది. కాయ వెంట పరిగెత్తిన చిచ్చా, పెళ్ళికూతురి ముసుగు, తత్వవేత్తలు, అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. తువ్వాలులో ముఖం దాచుకొని ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వాను. పక్కనే ఉన్న చిచ్చా నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కూడా రుమాలుతో నోరు మూసుకున్నాడు. అల్లుడు కడుపు చించుకొని ఏడ్చాడని ఆ తర్వాత వీధిలో మంచి పేరు వచ్చింది. ఎక్కడ నవ్వు ఆగి అది వేరే అయిందో నాకూ తెలియదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అత్తమ్మకు మామ మీద కోపం పోలేదు. పండుగకు నలుగురు చేరి ఆయన మాట ఎత్తితే, "ఆయనకే బతకబుద్ధి గాలే, ఆకలన్నడు" అని లేచిపోయేది. డాక్టర్లు చెప్పిన, రాతిపొడి పీల్చి పీల్చి వచ్చే జబ్బు అదనీ, ఎక్కడ కాయ కొట్టినా తిరిగి వచ్చేదేననీ నేను చెప్పి చూశాను. కాగితాలు కూడా చూపించాను. "కాగితాలు పట్నపోళ్ళయి" అంది.

ఎనభైలు సగం దాటాక ఆమె కళ్ళకు పొర వచ్చింది. అప్పటికి నేను వికారాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. నేనే పట్నం తీసుకుపోయి ఒక కంటికి ఆపరేషన్ చేయించాను. తిరుగు ప్రయాణం బస్సులో. ఆమె ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ, రెండో కన్ను కిటికీలో. వంతెన దాటాం. తుమ్మచెట్లున్న చోట ఇనుప సామాన్ల దుకాణాలు. దాని తర్వాత సిమెంటు ఇటుకల కుప్పలు, టీ కొట్లు, ఒక సినిమా పోస్టర్ల గోడ. ఇంకా పోయాక, ఆ గొర్రెలు మేసిన చోటే కావచ్చు, ఏదో కాలనీ పేరుతో ఒక కమాను, దాని వెనక ఇంకా కట్టని ఇళ్ళ కోసం వరసగా పాతిన రాతి కడీలు. మామ కాయ కొట్టిన రాయి ఎక్కడో నేను పోల్చుకోలేకపోయాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయి ఉంటుంది.

నేను పక్కనే కూర్చొని భయపడుతున్నాను. ఆపమంటుందేమో, ఈ బస్సు ఆపరు, కండక్టరు అరుస్తాడు, యాభైమంది ముందు పరువు పోతుంది. ఆఫీసులో సంతకం పెట్టే మనిషినైపోయాను కదా, ఎక్కడలేని పరువు. మరోవైపు, నోటితో ఒప్పుకోలేను గానీ, ఆపమంటే బాగుండుననీ ఉంది. ఆపమంటే ఎక్కడ ఆపాలి అని కూడా చూసుకుంటున్నాను.

ఆమె కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. మొయినాబాదు వచ్చింది, పోయింది. ఆ తర్వాత పొలాల్లో కూడా అమ్మకానికి ప్లాట్లని బోర్డులు కనబడుతూనే ఉన్నాయి. వాటిని ఆమె చదవలేదు, అయినా ఒక్కొక్క దాన్నీ తల తిప్పి చూసింది. చేవెళ్ళ దగ్గర పడుతుండగా నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"అల్లుడా."

"ఏమత్తమ్మా?"

"చేవెళ్ళ దాక ఆగినా అయిపోకపోతుండె గద రా, గీ పట్నం."

"అయిపోకపోతుండె" అన్నాను.

"మరి ఎంత దూరమని ఓర్సుకుంటడు, పాపం, ఉపాసం మనిషి." ఆమె గుడ్డ కట్టని కంటిని కొంగుతో ఒత్తుకుంది. "నేను ఉట్టిగనే తిట్టిన."

అప్పుడామె మూటలోంచి రొట్టె తీసి సగం నాకిచ్చి, సగం తను తిన్నది. లారీలో ఉపన్యాసమిచ్చిన ఆ కుర్రవాడు ఇప్పుడు నాకు ఎదురైతే ఏమీ అనను. ఒడిలోని ఆ లావుపాటి పుస్తకం కాసేపు మూసి మామ పక్కన కూర్చోమంటాను. అంతే.

అత్తమ్మ కూడా పోయింది. పట్నం ఆస్పత్రి నుంచి మనిషిని ఇంటికి తెచ్చుకునేటప్పుడు మా ఇళ్ళలో ఇప్పుడు ఎవరూ దారిలో బండి ఆపరు.